ఎండని బావి

ఉతికిన బట్టలు కుర్చీల మీద ఆరుతున్నాయి. ఒక చీర తలుపెక్కింది, రెండు తువ్వాళ్ళు కిటికీ ఊచలకు వేలాడుతున్నాయి. పెరట్లో ఎండ మండిపోతుంటే బట్టలు ఇంట్లో ఎందుకు ఆరేశారని డిటెక్టివ్ అడిగింది. దండెం లేదండీ, ఆ రోజు పొద్దున ఆయనే తాడు విప్పుకుని పట్టుకుపోయారు అంది ఇంటావిడ.

ఆ 'ఆయన' పోయి నాలుగు రోజులైంది. భూగర్భ జలాల శాఖలో ఉద్యోగం. బావుల్లో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చూడ్డమే పని కాబట్టి ఆఫీసులోనూ బయటా అందరూ నీళ్ళాయన అనేవాళ్ళు. ఊరవతల కొండను తొలిచేస్తున్న క్వారీ వాళ్ళు తమ గొయ్యిని రెండింతలు చేసుకుంటామని, ఇంకా లోతుకి దిగుతామని దరఖాస్తు పెట్టుకున్నారు. దానివల్ల చుట్టుపక్కల నీళ్ళకీ గాలికీ ఇళ్ళ గోడలకీ ఏం ముప్పుందో తేల్చడానికి ఒక సమీక్ష సంఘం వేశారు. అందులో నీళ్ళ సంగతి చెప్పాల్సింది ఈయన. సంఘం రేపు కూర్చోబోతోంది. ఈయనేమో ఆదివారం నాడు, పని ఆగి ఉన్న క్వారీలో, అంచు మీద నుంచి పడి చచ్చిపోయాడు. కాలు జారిందని క్వారీ వాళ్ళన్నారు. పక్కనే తాడు దొరికింది కాబట్టి చావాలనే వెళ్ళాడేమోనని పోలీసులన్నారు. భార్య ఈ రెండిట్లో ఏదీ నమ్మలేదు. అందుకని డిటెక్టివ్‌ని పిలిపించుకుంది.

పిలిచిన పాపానికి డిటెక్టివ్‌కి ఆ పొద్దున్నే ఒక బహుమానం అందింది. బయల్దేరుతూ చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతే కంకర రాళ్ళు తగిలాయి, ఒక్కో చెప్పులో ఒక్కోటి. చెప్పులు విప్పింది ఇంటి లోపల. తలుపు గడియ వేసింది తనే. తెల్లారి తీసిందీ తనే. అప్పట్నుంచి ఆమెకి అరికాళ్ళు చల్లగానే ఉన్నాయి. పోలీసు ఉద్యోగం మానేసి సొంతంగా ఈ పని మొదలెట్టిన తర్వాత భయపడటం ఆమెకి అలవాటే. భయపడని వాళ్ళు ఈ వృత్తిలో ఎక్కువకాలం భోంచెయ్యరని ఆమె నమ్మకం. కానీ ఈ భయం వేరు. ఎవరో తన ఇంట్లో తిరిగి, తన నిద్ర చూసి వెళ్ళారు.

ఆ సంగతి ఇంటావిడకి చెప్పలేదు. ఆవిడకి ఉన్న దిగులు చాలు. ఆదివారం పొద్దున ఫోనొచ్చింది కదా, ఆయన ఏమన్నారో అన్నది అన్నట్టు చెప్పమని మాత్రం అడిగింది.

"'నువ్వక్కడే ఉండు, నేనొచ్చి చూస్తాను' అన్నారు. అంతే. ఫోన్ పెట్టేసి దండెం విప్పడం మొదలెట్టారు."

"నువ్వు అనే అన్నారా? మీరు అనలేదా?"

ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆలోచించింది. "నువ్వనే అన్నారు. అవును. నాకిప్పటిదాకా తట్టనేలేదు."

నీళ్ళాయన అందర్నీ మీరు అనేవాడట. ఆఫీసు అటెండర్నీ మీరే, పేపరు వేసే అబ్బాయినీ మీరే. మీదికొచ్చిన కుక్కని కూడా 'వెళ్ళండి, వెళ్ళండి' అన్నాడని చెప్పి, కాలేజీ చదువు పూర్తిచేసిన కూతురు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. ఆయన నోట నువ్వు అనిపించుకున్నవాళ్ళు ఇద్దరే, భార్యా కూతురూ. ఫోనొచ్చినప్పుడు ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. మరి బంధువుల్లో ఎవరైనా అని అడిగితే, తన పుట్టింటి వాళ్ళందర్నీ ఆయన మన్నించి మీరు అనేవారని, ఆయన వైపు వాళ్ళతో తమకి రాకపోకలే లేవని ఇంటావిడ చెప్పింది. కబురు విని మరిది ఒక్కడు వచ్చాడట. పైగదిలో ఉంటూ ఆఫీసులవెంటా స్టేషన్లవెంటా పాపం అన్నీ తనే తిరుగుతున్నాడట. అతను లేకపోతే ఈ నాలుగు రోజులూ ఎలా గడిచేవో అంది.

గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చిన కూతురు గొంతు తగ్గించి, నాన్న అలమార ఎవరో కదిపినట్టుందని చెప్పింది. ఎప్పుడు అంటే నిన్నో మొన్నో అంది. ఎవరైనా పరామర్శకొచ్చిన వాళ్ళేమో, ఇల్లు నిండా జనమే కదా అంది. డిటెక్టివ్ ఆ పిల్ల నంబరు తన ఫోన్లో ఎక్కించుకుని, దారిలో కొట్టు దగ్గర ఆగి ఒక తాడు చుట్టా, ఒక పెద్ద ఇనప నట్టూ కొంది.

*

సమీక్ష సంఘం అధ్యక్షురాలు స్వయంగా ఫోన్ చేసి చెప్పబట్టి క్వారీ గేటు తెరుచుకుంది. మేనేజరు ఎదురొచ్చి టోపీ ఇచ్చాడు. సన్నగా, వంగిపోయి, ఎవరో వెనకనుంచి పిలుస్తారని ఎదురుచూస్తున్న మనిషిలా మాటిమాటికీ మెడ తిప్పుతున్నాడు.

గొయ్యి అంచు దాకా వెళ్ళి డిటెక్టివ్ కిందికి చూసింది. మెట్లు మెట్లుగా కోసిన తెల్లటి రాయి, అట్టడుగున పచ్చటి నీళ్ళు, వాటిని తోడి పోస్తున్న పంపు. కింద తిరుగుతున్న లారీలు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. ఆయన పడిన చోటు ఎక్కడని అడిగితే మేనేజరు వేలు చూపించాడు గాని అటు చూడలేదు.

ఆ చోటికి నాలుగడుగుల దూరంలో మోకాలెత్తు ఇనప గొట్టం ఒకటి నేలలోంచి పైకొచ్చి ఉంది. మూతకి తాళం, పక్కన బోర్డు. ఇదే క్వారీ వాళ్ళ పరిశీలన బావి. గొయ్యిలోంచి రాత్రింబవళ్ళు నీళ్ళు తోడేస్తే చుట్టూ నేలలో నీళ్ళు దిగిపోతాయా లేదా అన్నది ఈ గొట్టంలో చూసి చెప్పాలి. చుట్టుపక్కల కాలనీల్లో బావులన్నీ ఎండిపోయాయి, జనం బిందెలు పట్టుకుని సంఘం ముందు కూర్చున్నారు. కానీ ఈ బావిలో మాత్రం ఎప్పుడు చూసినా నిండుగా నీళ్ళే. వానలు లేక బావులు ఎండాయి గాని మావల్ల కాదు, మా బావిని చూడండి అన్నది క్వారీ వాళ్ళ వాదన. కాగితం మీద దానికి తిరుగులేదు.

తాళం తీయమంది. తాళంచెవి పట్టుకున్న మేనేజరు చెయ్యి రంధ్రం దగ్గర తారాడింది.

"ఆదివారం ఈ తాళం ఎవరు తీశారు?"

"ఆదివారం సెలవు మేడమ్. నేను రాలేదు."

"మీరొచ్చారా అని నేను అడగలేదే."

అతను తాళం తీసి పక్కకి తప్పుకున్నాడు.

మూత తీసి లోపలికి టార్చి వేసింది. పైనే, అందేంత దూరంలో నీళ్ళు తళుక్కుమన్నాయి. నీళ్ళాయన దగ్గర నీటిమట్టం కొలిచే టేపు ఉంది. దాని కొస నీళ్ళకి తగిలితే గంట మోగుతుందని భార్య చెప్పింది. ఇంత మంచి పరికరం చేతిలో ఉండగా దండెం తాడు ఎందుకు? దారంతా ఆమె బుర్ర తొలిచిన ప్రశ్న ఇదే. ఇప్పుడు గొట్టంలోకి చూస్తుంటే జవాబు దానంతటదే తేలి వచ్చింది. ఆయనకి నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో అక్కర్లేదు. అడుగు ఎక్కడుందో కావాలి.

తాడుకి ఇనప నట్టు కట్టి వదిలింది. మూరలు లెక్కపెట్టుకుంటూ వదులుతూ పోయింది. బోర్డు మీద రాసిన లోతులో సగం కూడా దిగకుండానే నట్టు టక్కుమని ఆగిపోయింది. మట్టి మీద ఆగినట్టు కాదు, గచ్చు మీద పడ్డట్టు. మళ్ళీ ఎత్తి వదిలింది. మళ్ళీ టక్కుమంది. ఎవరో ఈ గొట్టాన్ని మధ్యలో సిమెంటుతో బిగించి, పైనుంచి నీళ్ళు పోశారు. కింద నేల ఎండనీ, మండనీ, ఇందులో నీళ్ళు దిగవు. ఇది బావి కాదు, గ్లాసు. ఈ గ్లాసుని చూపించి కొండంత గొయ్యికి అనుమతి అడుగుతున్నారు.

సరిగ్గా ఇలాగే, ఇక్కడే వంగి, చేతిలో తాడుతో, ఈ సంగతి తెలుసుకున్న క్షణంలోనే నీళ్ళాయన చచ్చిపోయాడు. తను గొయ్యివైపు తిరిగి వంగి ఉంది. ఆమె గబుక్కున పక్కకి జరిగి తిరిగి చూసింది.

వెనక మనిషి నిలబడి ఉన్నాడు.

"అంచు దగ్గర అంత కంగారు పనికిరాదు తల్లీ" అన్నాడు ఆయన.

ఆయన క్వారీ భద్రతాధికారి. అంతకుముందు పోలీసు శాఖలో పెద్ద ఉద్యోగం చేశాడు. నోరు విప్పితే ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటుందని అక్కడ ఆయన్ని గుండుసూది అనేవాళ్ళు. డిటెక్టివ్ ఆయన కిందే పని నేర్చుకుంది. ఎదుటివాడి చేతులు చూడటం, అబద్ధం చెప్పేవాణ్ణి అడ్డుకోకుండా చెప్పనివ్వడం, తెలిసింది కళ్ళలోకి రానివ్వకపోవడం, అన్నీ ఆయన పెట్టిన భిక్షే. అందుకే ఇప్పుడు తన కళ్ళు ఏం చెబుతున్నాయోనని భయమేసి తాడు చుట్టుకుంటున్నట్టు తల దించుకుంది.

"నువ్వు కూడా తాడే తెచ్చావా? మొన్న తాడుతో వచ్చినాయన గతి తెలిసి కూడానా?"

"చావడానికి వచ్చిన మనిషి దండెం తాడు తెస్తాడా సార్? అది చీరల బరువుకే సాగుతుంది. అయినా ఉరేసుకోవాలనుకున్నవాడు దూకడు, దూకాలనుకున్నవాడికి తాడు అక్కర్లేదు."

"అయితే జారాడు. ఎత్తుకి కళ్ళు తిరిగి ఉంటాయి."

"ఆయన మీకు బాగా తెలుసా?"

"శవాన్ని చూడటమే మొదటిసారి." ఆయన నవ్వాడు. "ఏం కనిపెట్టావో చెప్పు, నేనూ సంతోషిస్తాను. నీకు పని నేర్పినవాణ్ణి."

బావి నిండుగా ఉంది సార్, అంతే అంది ఆమె. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు నిలకడగానే ఉంది. కానీ ఆయన చూపు ఆమె ముఖం మీద లేదు. ఆమె చేతిలోని తాడు మీద ఉంది. తడిసిన మేర ఎక్కడ ఆగిపోయిందో చూస్తున్నాడు. చూసి, తీరుబడిగా జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"రేపు ఆ సంఘం ముందు నోరు విప్పుదామని ఉందా? అక్కడున్న వాళ్ళలో నీ మాట వినేది ఎవరు? స్టేషన్లో వినేది ఎవరు? ఆ కుర్చీలో ఉన్నవాడు నా చేతిలో అక్షరాలు దిద్దినవాడు. ఇంటికెళ్ళు. తలుపు గడియ సరిగ్గా వేసుకుంటున్నావా?"

చెప్పుల్లో రాళ్ళు ఎవరు పెట్టారో ఆమెకి అర్థమైంది. అంతలో సైరన్ మోగింది.

మందు పేల్చబోయే ముందు మోగించే సైరన్ అది. రోజూ మధ్యాహ్నం భోజనాల తర్వాత పేలుస్తారని గేటు దగ్గర చెప్పారు. ఇప్పుడింకా భోజనాల వేళ కూడా కాలేదు. గుండుసూది మేనేజరు వైపు చూసి, మేడమ్‌ని జాగ్రత్తగా చూసుకోండి అని చెప్పి, తన కారెక్కి గేటు వైపు సాగిపోయాడు. రెండో సైరన్‌కి గేటు మూసేస్తారు, ఆ తర్వాత పేలుడు ముగిసేదాకా లోపలివాళ్ళు లోపలే.

మేనేజరు ఆమె చెయ్యి పట్టుకుని పరుగెత్తించాడు.

*

పేలుడప్పుడు దాక్కోవడానికి కట్టిన ఇనప గది అది. ఇద్దరు కూర్చుంటే మూడోవాడికి చోటు లేదు. తలుపు మూయగానే చీకటి, ఇనుము వేడి, ఇద్దరి ఊపిరి. డిటెక్టివ్ ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు. ఈ మేనేజరు ఎవరి మనిషో కూడా తనకి తెలియదని అప్పుడు గుర్తొచ్చింది.

కాని అవతలి మూల నుంచి ఏడుపు వినిపించింది.

"ఇక్కడ తప్ప గోడలకి చెవుల్లేని చోటు నాకు లేదు మేడమ్" అన్నాడు మేనేజరు. "పేలుడు వేళ మార్చింది ఆయనే. మిమ్మల్ని ఇక్కడ ఆపడానికే. ఎందుకో నాకు తెలీదు."

ఆ తర్వాత ఆపకుండా చెప్పాడు. బావి బిగించడం తన కళ్ళముందే జరిగింది. నోరెత్తితే కింద పంపు దగ్గర నీకూ చోటుందని గుండుసూది అన్నాడట. ఆదివారం సెలవైనా నీళ్ళు తోడే పంపు ఆగకూడదు కాబట్టి తను వచ్చి కిందే ఉన్నాడు. పైన ఇద్దరు మనుషులు కనిపించారు. వెనక ఎండ ఉండటంతో ముఖాలు తెలియలేదు. గొయ్యిలో పైమాట కిందికి గంటలా వినిపిస్తుంది. మొదట మాటలు మామూలుగానే ఉన్నాయి. తర్వాత ఒక గొంతు హెచ్చింది. ఆ వెంటనే తాడు పడింది, దాని వెనక మనిషి.

తను పంపు వెనక దాక్కున్నానన్నాడు మేనేజరు. గుండుసూది కిందికి దిగి వచ్చాడు. శవం పక్కన చాలాసేపు కూర్చున్నాడు. తన జేబురుమాలు తడిపి దుమ్ము పట్టిన ముఖం తుడిచాడు, చెదిరిన జుట్టు వేళ్ళతో దువ్వాడు, చొక్కా గుండీ పెట్టాడు. అప్పుడు ఫోన్ తీసి పోలీసుల్ని పిలిచాడు.

నేల అదిరింది. ఇనప గది కప్పు మీద రాళ్ళు వడగళ్ళలా పడ్డాయి. మేనేజరు చెవులు మూసుకున్నాడు. డిటెక్టివ్ అతని మణికట్టు పట్టుకుని చెవి మీంచి లాగింది.

"హెచ్చిన గొంతు ఏమంది? ఆ మాటలు చెప్పండి."

"నీళ్ళాయనదే ఆ గొంతు. 'అమ్మ బతికుంటే ఆమెకేం చెప్పేవాడివిరా' అన్నారు."

"మీ అమ్మ అన్నారా, అమ్మ అన్నారా?"

"అమ్మ అనే అన్నారు మేడమ్. ఏం, తేడా ఏముంది?"

కుక్కని కూడా మన్నించే మనిషి 'రా' అన్నాడు, నువ్వన్నాడు. పరాయివాణ్ణయితే, ఎంత ప్రాణ స్నేహితుణ్ణయినా, మీ అమ్మకేం చెబుతావంటాం. ఉత్త అమ్మ అన్నామంటే ఇద్దరికీ ఒకే అమ్మ. గుండుసూది శవం ముఖం తుడిచి జుట్టు దువ్వింది అందుకు. ఎన్నేళ్ళుగానో రాకపోకలు లేని తమ్ముడు. కబురు విని పాపం పరుగున వచ్చిన తమ్ముడు. వదినకి ఒక్క పనీ చెప్పకుండా ఆఫీసులవెంటా స్టేషన్లవెంటా తిరుగుతున్న తమ్ముడు. అన్న పడుకునే ఇంట్లో, బావి కాగితాలేమైనా ఉన్నాయేమోనని అన్న అలమార వెతుకుతూ.

గోడకి ఆనుకుంటే ఇనుము వీపు కాల్చింది.

అంతా సవ్యమని చెప్పే పొడుగాటి సైరన్ మోగేసరికి ఒక యుగం గడిచినట్టయింది. బయటికి రాగానే ఆమె చేసిన మొదటి పని మేనేజర్ని ఒక కంకర లారీలో డ్రైవర్ పక్కన కూర్చోబెట్టడం. ఇంటికి వెళ్ళొద్దని, స్టేషన్‌కి అసలే వెళ్ళొద్దని, నేరుగా సంఘం అధ్యక్షురాలి ఆఫీసుకి వెళ్ళి నలుగురి మధ్యలో కూర్చోమని చెప్పింది. పెళ్ళాం పిల్లలున్నారు మేడమ్ అన్నాడతను. అందుకే వెళ్ళమంటున్నాను అంది. లారీ గేటు దాటి దుమ్ములో కలిసిపోయాక, కూతురి నంబరు నొక్కింది.

కూతురే ఎత్తింది. డిటెక్టివ్ మాట సాగదీయలేదు. గట్టిగా ఏమీ అనొద్దని, అమ్మని తీసుకుని ఏదో ఒక వంకతో పక్కింటికి వెళ్ళమని చెప్పింది.

"ఎందుకండీ, ఏమైంది?" ఆ పిల్ల గొంతు మామూలుగానే ఉంది. "బాబాయ్ కూడా ఇప్పుడే వచ్చారు. ఒళ్ళంతా తెల్లటి దుమ్ము. అమ్మ స్నానానికి నీళ్ళు పెడతానంటే ముందు ఆకలేస్తోందన్నారు. బాబాయ్‌కి ఇవ్వనా? మీతో మాట్లాడాలంటున్నారు."

వద్దని అనేలోపే ఫోన్ చేతులు మారింది. అవతల కంచాల చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు, ఇంటావిడ కూర్చోమంటున్న మాట.

"మేనేజరు గారు నీతో చాలాసేపు కూర్చున్నట్టున్నారే" అంది గుండుసూది గొంతు. తొందరేమీ లేదు అందులో. "లారీ ఎక్కించేశావా? సంఘం ఆఫీసుకేనా? నేనైనా అదే చేసేవాణ్ణి."

ఆమె ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని లారీ వెళ్ళిన దారి వైపు చూసింది.

"వదిన భోజనం వడ్డిస్తోంది. అమ్మాయి నా పక్కనే కూర్చుంది. నువ్వూ వస్తున్నావని చెప్పి ఇంకో కంచం పెట్టించాను. ముందు ఆ లారీని వెనక్కి పిలిపించు. తర్వాత నువ్వు బయల్దేరు." ఆయన ఒక్క క్షణం ఆగి, పక్కన ఉన్నవాళ్ళకి ప్రేమగా వినబడేలా అన్నాడు. "ఒక్కదానివే రా తల్లీ. నువ్వొచ్చేదాకా ఇక్కడ ఎవరూ ముద్ద ముట్టరు."